గాయపడినవాడి పేరు అడగని డ్రైవరు

యుద్ధం అనగానే మనకు సేనాపతులు, రాజులు గుర్తుకొస్తారు. ఏ కోట ఎవరు గెలిచారు, ఏ సంధి ఎప్పుడు జరిగింది అన్నది పిల్లలచేత కంఠస్థం చేయిస్తాం. కానీ తుపాకీ పట్టకుండా, ఒక్క ప్రాణమైనా తీయకుండా, ఫిరంగి గుండ్లు పడుతున్న దారిలో బండి నడిపి వేలాది ప్రాణాలు నిలిపినవారి మాట ఏ పాఠంలోనూ కనబడదు. వాళ్లు అంబులెన్సు డ్రైవర్లు. అందులోనూ జీతం ఆశించకుండా తమంతట తాముగా వెళ్లిన స్వచ్ఛంద సేవకులు.

ఈ విషయం ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది. మన మహల్లాల్లో ఆటో నడిపేవారు, లారీ నడిపేవారు, మెకానిక్ షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాళ్లు ఎందరో ఉన్నారు. సంబంధం మాట వచ్చినప్పుడు మాత్రం "అబ్బాయి డ్రైవరటగా" అని పెదవి విరుస్తాం. ఆ పనిలో ఎంత నేర్పు, ఎంత ఓర్పు, ఎంత ఖిద్మత్ ఇమిడి ఉన్నాయో మనం ఆలోచించం. నూరేళ్ల కిందట లోకంలోని పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల విద్యార్థులు పుస్తకాలు పక్కనపెట్టి ఆ పనినే వెతుక్కుంటూ సముద్రాలు దాటి వెళ్లారు. వారి చరిత్ర తెలిస్తే మన చూపు కొంతైనా మారుతుంది.

ఒంటెల నుంచి మోటారు దాకా

పూర్వం యుద్ధంలో గాయపడిన సిపాయిని పోరు ముగిసేదాకా పట్టించుకునేవారు కాదు. పడినచోటే పడి ఉండి, దాహంతో, రక్తస్రావంతో చనిపోయేవాడు. నెపోలియన్ సైన్యంలో లారీ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ ఘోరం చూడలేక 1790 తర్వాతి సంవత్సరాల్లో తేలికైన గుర్రపు బండ్లు తయారు చేయించాడు. పోరు సాగుతుండగానే అవి వెళ్లి క్షతగాత్రులను తీసుకొచ్చేవి. ముందు చూడవలసింది హోదాను కాదు, గాయం తీవ్రతను అన్నది ఆయన నియమం. సైన్యంతో ఈజిప్టుకు వెళ్లినప్పుడు అక్కడి ఇసుకలో బండ్లు కదలకపోతే, ఒంటెలకు రెండు పక్కలా తొట్ల వంటివి కట్టించి వాటిలో క్షతగాత్రులను మోయించాడు.

1859లో ఇటలీలోని సోల్ఫెరీనో దగ్గర జరిగిన యుద్ధంలో దిక్కులేక పడి ఉన్న వేలాది క్షతగాత్రులను హెన్రీ డ్యునాంట్ అనే స్విట్జర్లాండు వర్తకుడు చూశాడు. ఆయన పడిన వేదనలోంచే రెడ్‌క్రాస్ సంస్థ పుట్టింది. 1864లో జెనీవా ఒప్పందం కుదిరింది. గాయపడినవారినీ, వారికి సేవ చేసేవారినీ శత్రువుగా చూడరాదని దేశాలు సంతకాలు చేశాయి. 1876లో మొదలైన యుద్ధకాలంలో తుర్కీ ప్రభుత్వం తన అంబులెన్సులపై శిలువకు బదులు ఎర్ర నెలవంకను గుర్తుగా వాడింది. నేడు ఎన్నో దేశాల్లో మనం చూసే రెడ్ క్రెసెంట్‌కు అదే ఆరంభం.

మోటారు రాకముందు ఈ పనికి మనుషుల భుజాలే ఆధారం. దీనితో మన తెలుగువారికీ సంబంధముంది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైనప్పుడు గాంధీజీ అక్కడి భారతీయులతో ఒక అంబులెన్సు దళాన్ని కూర్చారు. అందులో సుమారు 1,100 మంది ఉండేవారు. వారిలో 300 మంది స్వతంత్రులు. మిగిలినవారు చెరకు తోటల్లో, గనుల్లో ఒప్పంద కూలీలుగా ఉండి, యజమానులు పంపగా వచ్చినవారు. నాటాల్ కూలీల్లో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. తమిళులతోపాటు మన తెలుగు జిల్లాలవారూ వారిలో ఉన్నారు. కొలెన్సో, స్పియాన్ కాప్ యుద్ధాల్లో ఈ దళం స్ట్రెచర్లు భుజాన వేసుకుని ఒక్కోరోజు ఇరవై, ఇరవై ఐదు మైళ్లు నడిచింది. దళ నాయకులకు పతకాలు వచ్చాయి. మోసిన కూలీల పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు.

చదువు వదిలి స్టీరింగ్ పట్టినవారు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఫ్రాన్సులో క్షతగాత్రుల సంఖ్య ఎవరి అంచనాకూ అందలేదు. ఆసుపత్రులు దూరం, గుర్రపు బండ్లు నెమ్మది. ఆ సమయంలో పారిస్ నగరంలోని అమెరికన్ ఆసుపత్రి కొన్ని ఫోర్డు కార్లను అంబులెన్సులుగా మార్చి నడపసాగింది. మొదట్లో వాటికి రైల్వే స్టేషను నుంచి ఆసుపత్రి దాకానే అనుమతి ఉండేది. యుద్ధరంగం దగ్గరికి పరాయి దేశస్థులను రానివ్వడానికి ఫ్రెంచి సైన్యం ఒప్పుకోలేదు.

ఆండ్రూ అనే ఒక అమెరికన్ పెద్దమనిషి ఆ ఆసుపత్రిలో డ్రైవరుగా చేరాడు. ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించినవాడు, తన దేశ ఆర్థిక శాఖలో ఉన్నత పదవి చేసినవాడు. అంతటివాడు ఏ సంకోచమూ లేకుండా స్టీరింగ్ పట్టాడు. 1915లో ఫ్రెంచి సేనాపతులను ఒప్పించి, అంబులెన్సు దళాలు యుద్ధరంగం అంచు దాకా వెళ్లే ఏర్పాటు చేశాడు. అలా ఏర్పడిన సంస్థే అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. అమెరికా అప్పటికి ఇంకా యుద్ధంలో చేరలేదు. 1917 ఏప్రిల్‌లోగాని చేరలేదు. అంటే ఆ కుర్రవాళ్లను ఏ చట్టమూ పంపలేదు, ఏ రాజూ పిలవలేదు. ఓడ చార్జీలు, దుస్తుల ఖర్చు తామే పెట్టుకుని వెళ్లారు. ఆ యుద్ధకాలంలో సుమారు 2,500 మంది ఈ సంస్థలో పనిచేశారు. వారిలో కాలేజీ విద్యార్థులే ఎక్కువ.

చీకట్లో కొండదారి

వారు నడిపిన బండి ఫోర్డు మోడల్ టి. నేటి డ్రైవర్లకు దాని సంగతి వింతగా తోస్తుంది. ముందువైపు హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పితేగాని ఇంజను అందుకోదు. కాళ్ల కింద మూడు పెడళ్లు ఉంటాయిగాని వాటిలో ఒక్కటీ ఆక్సిలరేటర్ కాదు. అది స్టీరింగ్ కింద చేత్తో జరిపే చిన్న మీట. ట్యాంకులోని పెట్రోలు తనంతట తానే ఇంజనులోకి దిగాలి. కాబట్టి దారి మరీ నిటారుగా ఉంటే బండి ముందుకెక్కలేక మొరాయించేది. అప్పుడు బండిని వెనక్కి తిప్పి రివర్సులో కొండ ఎక్కించేవారు. వెనుక చెక్కతో కట్టిన చిన్న గది. అందులో ముగ్గురు పడుకోవచ్చు, లేదా నలుగురు కూర్చోవచ్చు.

ఈ తేలికపాటి బండ్లే ఫ్రాన్సు తూర్పు సరిహద్దులోని వోజ్ పర్వతాల్లో ప్రాణాధారమయ్యాయి. అంతకుముందు అక్కడ క్షతగాత్రులను కంచరగాడిదల మీద దించేవారు. గంటలకొద్దీ సాగే ఆ ప్రయాణంలోనే ఎందరో ప్రాణాలు విడిచేవారు. ఫోర్డులు వచ్చాక ఆ సమయం ఎంతో తగ్గింది.

అయితే ఆ పని చెప్పినంత సులువు కాదు. దీపం వెలిగిస్తే శత్రువుకు గురి దొరుకుతుంది. అందుకే రాత్రిళ్లు లైటు లేకుండా నడపాలి. ఒకవైపు కొండ, మరోవైపు లోయ, నేలంతా మంచు. ఎదురుగా ఫిరంగి సామాను బండ్లు వస్తుంటాయి. దారిలో నిన్న లేని గొయ్యి ఈ రాత్రి ఉంటుంది. చలికి రేడియేటరులో నీళ్లు గడ్డకడతాయి. వీటన్నిటికీ మించిన పరీక్ష మరొకటుంది. ఎముక విరిగినవాడు, కడుపులో గుండు దిగినవాడు వెనుక పడుకుని ఉన్నప్పుడు బండి ఒక్కసారి కుదిపితే ఆ కేక డ్రైవరు చెవిలో పడుతుంది. గుండ్లు పడేచోటు నుంచి వేగంగా పారిపొమ్మంటుంది ప్రాణభయం. మెల్లగా నడపమంటుంది వెనుకనున్న మనిషి బాధ. ఖాళీ బండితో వెళ్లేటప్పుడు త్వరగా పోవాలి, మనిషితో వచ్చేటప్పుడు నిదానంగా రావాలి. తన భయాన్ని దిగమింగి పరాయివాడి నొప్పిని లెక్కపెట్టడం, ఇదే ఆ వృత్తి ధర్మం.

తిరిగి రాని బండి

రిచర్డ్ హాల్ అనే యువకుడు మిషిగన్ రాష్ట్రానికి చెందినవాడు. 1915లో డార్ట్‌మత్ కాలేజీలో చదువు పూర్తి చేసుకుని, ఉద్యోగం వెతుక్కోవలసిన వేళ ఫ్రాన్సుకు వచ్చి అంబులెన్సు దళంలో చేరాడు. అతని సోదరుడు లూయీ కూడా అదే దళంలో డ్రైవరు. ఆ ఏడాది డిసెంబరు 21న వోజ్ పర్వతాల్లోని హార్ట్‌మన్స్‌విల్లర్‌కోఫ్ శిఖరం కోసం ఫ్రెంచివారు పెద్ద దాడి ప్రారంభించారు. క్షతగాత్రులు వరుసగా వస్తూనే ఉన్నారు. డ్రైవర్లకు నిద్ర లేదు, తిండికి వేళ లేదు.

డిసెంబరు 24 రాత్రి. క్రైస్తవులకు అది పండుగ రాత్రి. ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లల కోసం ఎదురుచూసే సమయం. ఆ చీకట్లో హాల్ ఒంటరిగా కొండపైకి బండి నడుపుతున్నాడు, పైన ఎదురుచూస్తున్న క్షతగాత్రులను దించడానికి. దారిలో ఒక ఫిరంగి గుండు సరిగ్గా అతని బండిని తాకింది. తోటి డ్రైవర్లు చూసేసరికి ప్రాణం పోయింది. ఆ సంస్థలో విధి నిర్వహణలో మరణించిన మొదటి డ్రైవరు అతడే. ఆ లోయలోని మూష్ అనే ఊరి శ్మశానంలో ఫ్రెంచి సిపాయిల మధ్య అతన్ని ఖననం చేశారు. ఫ్రాన్సు ప్రభుత్వం మరణానంతరం అతనికి యుద్ధ పతకం ఇచ్చింది.

ఆలోచించండి. ఆ కుర్రవాడికి ఫ్రాన్సుతో రక్త సంబంధం లేదు. జర్మనులతో పగ లేదు. అతని చేతిలో ఆయుధం లేదు. ఎవరి కోసం వెళుతున్నాడో వారి పేరైనా అతనికి తెలియదు. యుద్ధం ముగిసేసరికి ఆ సంస్థకు చెందిన యువకులు వంద మందికి పైగా ఇలాగే తిరిగి రాలేదు.

వెనుక పడుకున్నది ఎవరు?

1916 ఫిబ్రవరిలో వెర్దున్ యుద్ధం మొదలై డిసెంబరు దాకా సాగింది. రెండు పక్షాలా కలిపి సుమారు 7 లక్షల మంది మరణించడమో గాయపడడమో జరిగింది. ఆ నగరానికి చేరే ముఖ్యమైన రోడ్డు ఒక్కటే, బార్ ల ద్యూక్ నుంచి వచ్చేది. రద్దీ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ దారిలో సగటున 14 సెకన్లకు ఒక లారీ చొప్పున సాగిపోయేది. తర్వాత ఫ్రెంచివారు దానికి 'పవిత్ర మార్గం' అని పేరు పెట్టుకున్నారు. వెర్దున్‌లో ఈ స్వచ్ఛంద డ్రైవర్లు రాత్రింబవళ్లు క్షతగాత్రులను మోశారు.

ఈ బండ్లలో వెనుక పడుకున్నవారు ఫ్రెంచివారు మాత్రమే కాదు. ఫ్రాన్సు తన వలసలైన అల్జీరియా, ట్యునీషియా, మొరాకోల నుంచి వేలకు వేల ముస్లిం సిపాయిలను ఆ యుద్ధానికి తెచ్చింది. తమది కాని నేల కోసం, తమను ఏలుతున్నవారి కోసం వారు రక్తం ధారపోశారు. గాయపడిన ఆ అరబ్బు, బెర్బెరు సిపాయికి డ్రైవరు భాష రాదు, డ్రైవరుకు అతని భాష రాదు. నీళ్లు అందించడానికి, దుప్పటి కప్పడానికి, బండి మెల్లగా నడపడానికి భాష అవసరం లేకపోయింది. దళాలవారు గాయపడిన జర్మనులను కూడా ఈ బండ్లలోనే చేర్చారు. స్ట్రెచర్ మీద పడుకున్నాక అతడు శత్రువు కాదు, క్షతగాత్రుడు.

ఆ ముస్లిం సిపాయిల త్యాగానికి గుర్తుగానే పారిస్ నగరంలో పెద్ద మసీదు నిర్మించి 1926లో ప్రారంభించారు. వెర్దున్ దగ్గరి దువోమాన్ శ్మశానంలో ఖిబ్లా వైపు తిరిగిన 500కు పైగా సమాధులు నేటికీ ఉన్నాయి. వారి స్మారక కట్టడాన్ని మాత్రం 2006లోగాని కట్టలేదు. గుర్తించడానికి లోకానికి తొంభై ఏళ్లు పట్టింది.

వెనుకబడని స్త్రీలు

ఈ సేవ పురుషులకే పరిమితం అనుకుంటే పొరపాటు. రేడియం కనుగొని రెండుసార్లు నోబెల్ బహుమతి పొందిన మేరీ క్యూరీ ఆ యుద్ధంలో ఎక్స్‌రే పరికరాలు అమర్చిన మోటారు బండ్లను తయారు చేయించింది. శరీరంలో గుండు ఎక్కడుందో తెలిస్తే శస్త్రచికిత్స సులువవుతుంది. బండి నడపడానికి మరొకరి మీద ఆధారపడకూడదని 1916లో, దాదాపు యాభై ఏళ్ల వయసులో, తానే డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది. పదిహేడేళ్ల కూతురు ఐరీన్‌ను కూడా ఈ పనిలో తోడు తెచ్చుకుంది.

బ్రిటన్ నుంచి ఎల్సీ నాకర్, మైరీ చిజమ్ అనే ఇద్దరు స్త్రీలు 1914లోనే బెల్జియం వెళ్లి అంబులెన్సులు నడిపారు. మైరీకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. గాయపడినవారిని దూరంగా తీసుకెళుతుంటే దారిలోనే చనిపోతున్నారని గ్రహించి, కందకాలకు కూతవేటు దూరంలో, పెర్వైజ్ అనే శిథిల గ్రామంలో ఒక ఇంటి నేలమాళిగలో ప్రథమ చికిత్స కేంద్రం నడిపారు. 1918లో విషవాయువు బారిన పడేదాకా అక్కడే ఉన్నారు.

లండన్‌లో 1914లో గాంధీజీ మరోసారి భారతీయ విద్యార్థులతో అంబులెన్సు దళం ఏర్పరచినప్పుడు, మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు అక్కడే ఉన్నారు. సిపాయిల కోసం కత్తిరించిన బట్టలను గుట్టగా తెచ్చి గాంధీజీ ముందుంచి, కుట్టించి ఇమ్మని పని అప్పగించారు. చేయదలచినవారికి సూది అయినా చాలు, స్టీరింగే కానక్కరలేదు.

మన నేల మీద

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ సంస్థ మళ్లీ పని మొదలుపెట్టింది. ఉత్తరాఫ్రికా ఎడారిలో, ఇటలీలో దాని డ్రైవర్లు సేవ చేశారు. 1943 నుంచి 1945 దాకా మన ఈశాన్య సరిహద్దులోనూ, బర్మాలోనూ పనిచేశారు. వానలకు బురదై, లోయల్లోకి జారే కొండదారుల్లో 14వ సైన్యం క్షతగాత్రులను మోశారు. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. పంజాబీ ముస్లిం, గూర్ఖా, మద్రాసీ అన్న తేడా ఆ బండ్లకు తెలియదు.

యుద్ధం ముగిశాక ఆ డ్రైవర్లు ఇళ్లకు పోయి ఊరుకోలేదు. గాయపడినవారిని మోయడం కంటే గాయాలే లేకుండా చూడడం మేలు కదా అనుకున్నారు. ఒక దేశపు పిల్లలు మరో దేశపు ఇళ్లలో ఉండి చదువుకుంటే రేపు ఒకరినొకరు చంపుకోరని తలచి, 1947లో విద్యార్థుల మార్పిడి కార్యక్రమం ప్రారంభించారు. నేడు ఎ.ఎఫ్.ఎస్. పేరుతో మన దేశంలోనూ పనిచేస్తున్న సంస్థ అదే. అంబులెన్సు డ్రైవర్లు నాటిన మొక్క అది.

మనం చేయగలిగినది

మన దగ్గర యుద్ధం లేకపోవచ్చు. కానీ రోడ్డు మీద రక్తం చిందని రోజు ఉందా? 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైంది. నాటి నుంచి ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోకుండా ఆ బండ్లు కాపాడాయో ఎవరికి వారికే తెలుసు. 2020, 2021లో కరోనా రోజుల్లో సొంత బిడ్డలే దగ్గరికి రావడానికి భయపడితే, రోగిని ఎక్కించుకున్నవాడు అంబులెన్సు డ్రైవరు. మయ్యత్‌ను మోసినవారు, ఏ మతంవారి శవమైనా ఆ మత పద్ధతిలోనే సాగనంపినవారు మన యువకుల్లోనూ ఉన్నారు. ఆ రోజుల్లో వారిని దేవదూతల్లా చూశాం. గండం గడిచాక మరచిపోయాం.

కొన్ని మాటలు మనవి చేస్తాను. అంబులెన్సు సైరను వినబడితే బండి పక్కకు తీయండి. దారి ఇవ్వనివారికి 2019 చట్ట సవరణ ప్రకారం 10 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని ఉన్నాయి. అయినా జరిమానా భయంతో ఇచ్చే దారి వేరు, లోపల ఉన్నది మన అమ్మీజాన్ అయి ఉండవచ్చని తలచి ఇచ్చే దారి వేరు. రోడ్డుపై పడి ఉన్నవాడిని ఆసుపత్రికి చేరిస్తే కేసులో ఇరుక్కుంటామనే భయం నేటికీ చాలామందిలో ఉంది. ఆ భయం అక్కరలేదు. సదుద్దేశంతో సాయం చేసినవారిపై ఏ నేరమూ మోపరాదనీ, ఇష్టం లేకపోతే తమ పేరైనా చెప్పనక్కరలేదనీ మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను, దాని కింది నియమాలు చెబుతున్నాయి.

ఇక డ్రైవింగ్ నేర్చిన కుర్రవాళ్లకు ఒక మాట. ప్రథమ చికిత్స కూడా నేర్చుకోండి. రక్తం ఎలా ఆపాలో, విరిగిన కాలు కదలకుండా ఎలా కట్టాలో తెలిసిన ఆటోవాలా ఆ వీధికి సగం డాక్టరు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఏడాదికి ఒకరోజు ఇందుకు కేటాయిస్తే ఎంతో మేలు.

తల్లిదండ్రులకు మరో మాట. హార్వర్డు పంతులు సిగ్గుపడని స్టీరింగ్ పట్టడానికి మన పిల్లవాడు సిగ్గుపడనక్కరలేదు. రేపు మీ ఇంటికి ఒక సంబంధం వచ్చి, "అబ్బాయి అంబులెన్సు నడుపుతాడు" అని పెద్దలు చెబితే పెదవి విరవకండి. ఇన్నేళ్లలో ఎంతమందిని ఆసుపత్రికి చేర్చావు బాబూ అని ఆ అబ్బాయినే అడిగి చూడండి. అతను లెక్క చెప్పలేకపోవచ్చు. మోసినవాడు లెక్కపెట్టుకోడు, చేరినవారు మరచిపోరు.